చెరువు మీద క్లారినెట్

ఆ ఆదివారం కోసం సూర్రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి గడ్డం గీసుకోవాలి. ఎనిమిదింటికి ఇడ్లీ తినాలి. తొమ్మిదింటికి బీరువా మీదున్న బిస్కెట్ల డబ్బా దింపి, అందులోని క్యాసెట్టు జేబులో వేసుకోవాలి. పదింటికి వట్లూరులో ఎడ్విన్ మేస్టారింట్లో జరిగే రసికమండలి సభకు వెళ్లి, ఆ క్యాసెట్టు గురించి పది నిమిషాలు మాట్లాడి, అందరికీ వినిపించి, పదకొండింటికల్లా సభ్యుడైపోవాలి. ఇందులో గడ్డం, ఇడ్లీ వరకూ అంతా అనుకున్నట్టే జరిగింది.

రసికమండలి అంటే ఏదో మహాసంస్థ అనుకునేరు. ఉన్నది తొమ్మిదిమంది. నెలకో ఆదివారం కూర్చుని, తమకు ప్రాణంతో సమానమైన ఆల్బమ్ గురించి వంతులవారీగా మాట్లాడుకుంటారు, మధ్యలో మిరపకాయ బజ్జీలు తింటారు, అంతే. కానీ అందులో చేరడం మాత్రం కలెక్టరు ఉద్యోగం సంపాదించడం కన్నా కష్టం. అధ్యక్షులు ఎడ్విన్ మేస్టారు కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు పియానో అంటే ఎంత ప్రీతో నిబంధనలన్నా అంతే ప్రీతి. "ఆల్బమ్ అనేది చేత్తో పట్టుకోగలిగినదై ఉండాలి. ఫోనులో ఉన్నది ఆల్బమ్ కాదు, ఉత్త గాలి. ఆల్బమ్ లేనివారు రసికమండలి సభ్యులు కారు" అని మొదటి నిబంధనను స్వహస్తాలతో రాసి, లామినేషన్ చేయించి, హాల్లో గోడకు తగిలించుకున్నారు.

సూర్రావు తాడేపల్లిగూడెం డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మండలిలో మిగతావాళ్లు లెక్చరర్లు, డాక్టర్లు, ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని. వాళ్ల మధ్య మూడేళ్లుగా వెనక ప్లాస్టిక్ కుర్చీలో "శ్రోత" హోదాలో కూర్చుంటున్నాడు పాపం. శ్రోతకు ప్రశ్న అడిగే హక్కు లేదు. రెండో బజ్జీ అడిగే హక్కు అసలే లేదు. ముప్ఫై నాలుగేళ్లు "ముందుకి జరగండమ్మా, ముందుకి జరగండి" అని జనాన్ని తోసినవాడు, తను మాత్రం ఆ కుర్చీలోంచి ఒక్క వరస ముందుకు జరగలేకపోయాడు. ఆ రోజు జరిగి తీరాలని పట్టుదల.

ఆ పట్టుదలకు ఆధారం ఒక్క క్యాసెట్టు. పెంటపాడు గున్నేశ్వరరావు అని, పెళ్లిళ్ల బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే విద్వాంసుడు ఒకాయన ఉండేవాడు. జన్మలో ఒక్కటే ఆల్బమ్ చేశాడు, రెండు వందల క్యాసెట్లు వేయించాడు, పోయాడు. అది ఏ ఫోనులోనూ దొరకదు. సూర్రావు పెళ్లికి వాయించింది ఆయనే. మంగళసూత్రం చేతిలో పట్టుకున్న పెళ్లికొడుకు, "ఒక్క నిమిషం పంతులుగారూ, ఆ చరణం అయిపోనివ్వండి" అన్నాడట. పెళ్లికూతురు బేబీరాణి తల వంచుకుని ఒకటిన్నర నిమిషం అలాగే ఉండిపోయింది. ఆ మెడనొప్పి తనకింకా తగ్గలేదని ఇప్పటికీ అంటూ ఉంటుంది. విద్వాంసుడు మాత్రం పొంగిపోయి, పెళ్లికొడుక్కి ఆ క్యాసెట్టు బహుమతిగా ఇచ్చి వెళ్లాడు.

సరే, తొమ్మిదింటికి సూర్రావు డబ్బా దింపాడు. క్యాసెట్టు పెట్టె ఉంది. దాని మీద బంగారు అంచు కోటు వేసుకున్న గున్నేశ్వరరావు బొమ్మ ఉంది. పెట్టె తెరిచాడు. లోపల ఏమీ లేదు.

"రాణీ! ఇందులో క్యాసెట్టేదే?"

"మా తమ్ముడికిచ్చానండీ" అంది బేబీరాణి వంటింట్లోంచి, పచ్చడికి పోపు వేస్తూ.

"ఎప్పుడు?"

"రెండు నెలలు దాటింది. మీరు చూసుకోలేదా?"

"వాడికెందుకే క్లారినెట్టు? వాడికి రేడియోలో వార్తలే అర్థం కావు!"

"వినడానిక్కాదండీ. చెరువు మీద కట్టుకోడానికి. పాత క్యాసెట్లు దొరకట్లేదక్కా, చేపపిల్లంతా పక్షుల పాలైపోతోంది అని ఫోన్ చేసి ఒకటే గోల. పెట్టెలక్కర్లేదన్నాడు, అందుకే పెట్టె జాగ్రత్తగా డబ్బాలోనే పెట్టాను. మీ వస్తువులంటే నాకు లెక్కలేదనుకుంటున్నారా ఏంటి?"

సూర్రావు మంచం మీద కూలబడ్డాడు. బావమరిది దుర్గారాజుకు కైకలూరు అవతల తొమ్మిదెకరాల చేపల చెరువుంది. పిల్ల వదిలిన కొత్తలో కొల్లేటి వైపు నుంచి నీటికాకులు, కొంగలు దండుగా వచ్చి పడతాయి. అందుకని చెరువులో వెదురు గెడలు పాతి, క్యాసెట్టులోని టేపు లాగి గెడకూ గెడకూ మధ్య కడతారు. అది ఎండకు తళతళలాడుతుంది, గాలికి గుయ్యిమంటుంది, పక్షులు బెదిరి కిందికి దిగవు. ఇది ఆ చుట్టుపక్కల అందరూ చేసే పనే. సూర్రావు కూడా బస్సులోంచి వందసార్లు చూసి, "ఎవడి పాటలో పాపం" అని నవ్వుకున్నవాడే.

దుర్గారాజుకు ఫోన్ చేశాడు.

"ఆయ్, బావగారూ! మీ క్యాసెట్టు మహత్తరంగా పనిచేస్తోందండి. నడిమధ్య గెడకి కట్టానండి. అది కట్టాక ఒక్క నీటికాకి వాల్తే ఒట్టండి!"

ఫోన్ పెట్టేశాడు. పెట్టీ పెట్టగానే అది మోగింది. ఈసారి ఎడ్విన్ మేస్టారు. "ఏమండీ సూర్రావుగారూ, బయల్దేరారా? క్యాసెట్ల డెక్కు సిద్ధం చేశాను. ఈ రోజు మీదే."

నాలుగేళ్ల నుంచి సూర్రావు అబద్ధం ఆడవలసిన అవసరం రాలేదు. కండక్టరు ఉద్యోగంతోపాటే ఆ అలవాటూ పోయింది. అయినా ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి నిజాన్నే కాస్త ఇస్త్రీ చేసి చెప్పాడు. "క్యాసెట్టు కైకలూరులో మా బావమరిది దగ్గరుండిపోయిందండి మేస్టారూ. చాలా... ఎత్తులో, భద్రంగా పెట్టాడండి. వచ్చే నెల తెస్తాను."

వచ్చే నెల దాకా వాయిదా పడితే ఏదో ఒక దారి దొరక్కపోదని ఆయన ఆశ. కానీ అవతల ఫోను స్పీకరులో ఉంది. ఐసు ఫ్యాక్టరీ వెంకట్రాజు గొంతు వినిపించింది. "ఏ బావమరిది? చేపల చెరువున్న బావమరిదేనా?"

"ఆ... అవునండి."

"అయితే వాయిదా ఎందుకండీ? మనమే వెళ్దాం! నా వ్యాను బయటే ఉంది. సభ అక్కడే పెట్టుకుందాం. మధ్యాహ్నానికి చేపల పులుసు..."

సంగీతం కోసం గదిలోంచి గదిలోకి కదలని తొమ్మిదిమంది రసికులు, పులుసు మాట వినగానే చెప్పులు తొడుక్కున్నారు. "నా డెక్కు కూడా తెస్తాను" అన్నారు మేస్టారు ఉత్సాహంగా. 

మళ్లీ బావమరిదికి ఫోను. అది కలిసేసరికే వీధిలో వ్యాను హారను మోగుతోంది. "దుర్గారాజూ, పెద్దవాళ్లు వస్తున్నారు, మొత్తం తొమ్మిదిమంది. నీ చెరువు దగ్గరికే. ఆ టేపుల సంగతి... ఆ నడిమధ్యది వెంటనే తీసెయ్యి. తర్వాత చెబుతాను" అని కట్ చేశాడు. చెప్పవలసిన ముక్క ఒక్కటే, వాళ్లు ఎవరు అన్నది. అదే చెప్పలేదు.

దుర్గారాజు మామూలుగానే కంగారు మనిషి. కొల్లేటి పక్కన చెరువు తవ్వుకున్నవాడు పెద్దవాళ్లు వస్తున్నారంటే ఎవరనుకుంటాడు? పక్షుల తాలూకు ఆఫీసర్లనుకుంటాడు. అతని చెరువు కొల్లేటి పక్షుల అభయారణ్యం హద్దులకు బాగా ఎడంగానే ఉంది, కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. అయినా పక్షుల్ని బెదరగొడుతున్నావని కేసు రాస్తే?  టేపు తియ్యడం మాట మర్చిపోయి, ఉతికిన చొక్కా తొడుక్కుని, కొబ్బరిబొండాలు కొట్టించి, ఒక బంతిపూల దండ తెప్పించాడు.

దారి పొడుగునా వ్యానులో ఎడ్విన్ మేస్టారు కిందటి నెల తాను చేసిన ప్రసంగాన్ని గుర్తు చేస్తూనే ఉన్నారు. వెల్లూరులో చదువుకునే రోజుల్లో సంపాదించిన పియానో క్యాసెట్టు అది. ఆ రోజు దాని పెట్టెను గుండెకు హత్తుకుని, "ఇది వినని రాత్రి నాకు నిద్ర పట్టదు" అని కళ్లు తుడుచుకున్నారు. డెక్కు శుభ్రం చేయించాలన్న నెపంతో పాట మాత్రం ఫోనులోంచే వినిపించారు. నిబంధన రాసినవారు కాబట్టి ఎవరూ అడగలేదు. పళ్ల డాక్టరు పద్మప్రియ తన గురువుగారి వీణ క్యాసెట్టు ముచ్చట్లు చెప్పింది. వెంకట్రాజు తన నాటక పద్యాల క్యాసెట్టులోంచి ఒక పద్యం అందుకుని, రాగం కొల్లేటి దాకా లాగాడు. వెనక సీట్లో సూర్రావు పక్కన కూర్చున్న బేబీరాణి, "అందరికీ ఎంత ప్రాణమండీ ఈ క్యాసెట్లంటే!" అంది గుసగుసగా. ఆవిడ మొహం ఎందుకో పాలిపోయి ఉంది. తన బాధలో ఉన్న సూర్రావు అది గమనించలేదు.

వ్యాను ఆగగానే దుర్గారాజు పరుగున వచ్చి, టోపీ పెట్టుకుని ముందుగా దిగిన ఎడ్విన్ మేస్టారి మెడలో దండ వేసేశాడు.

"నమస్కారమండి. ఇది అభయారణ్యంలోది కాదండి. కాగితాలున్నాయండి. పక్షులంటే మాకు ప్రాణమండి. ఈ టేపులు పక్షుల్ని తోలడానిక్కాదండి!"

మేస్టారు చెరువు వైపు చూశారు. తొమ్మిదెకరాల నీటి మీద వందల టేపులు మిలమిల మెరుస్తూ గాలికి సన్నగా పాడుతున్నాయి. "మరి ఇవెందుకండీ?"

దుర్గారాజు చేతులు కట్టుకున్నాడు. "సంగీతానికండి."

"ఎవరికి?"

"చేపలకండి. వింటూ మేత బాగా తింటాయండి."

"ఆహా!" అన్నారు మేస్టారు. ఆయన కళ్లు చెమర్చాయి. జేబులోంచి పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పద్మప్రియకు మాత్రం అనుమానం. "ఏ రాగమండీ వినిపించేది?"

"పొద్దుటపూట ఒకటి, సాయంత్రం ఒకటండి. అంతా గాలిని బట్టండి" అన్నాడు దుర్గారాజు చెమట తుడుచుకుంటూ. సూర్రావు కనుబొమలతో ఎన్ని సైగలు చేసినా అతను ఆఫీసరు మొహం మీదినుంచి చూపు తిప్పలేదు.

మేస్టారు గట్టు వెంబడి నడిచి ఒక గెడ దగ్గర ఆగారు. టేపు తెగితే మళ్లీ లాగి కట్టుకోవడానికి వీలుగా, దుర్గారాజు ప్రతి క్యాసెట్టునూ గెడకే వేలాడదీశాడు. కళాకారుడి పేరు చూద్దామని మేస్టారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని ఇటు తిప్పారు. అటు తిప్పారు. 

"ఇది నా చేతిరాత" అన్నారు. "ఇది నా పియానో!"

"ఆయ్, అది మంచి టేపండి" అన్నాడు దుర్గారాజు వినయంగా. "బాగా గుయ్యిమంటుందండి."

పద్మప్రియ రెండు గెడల అవతల నుంచి కెవ్వుమంది. "మా గురువుగారు! అయ్యో, మా గురువుగారి వీణ!" వెంకట్రాజు అవతలి గట్టుకు పరిగెత్తాడు. అతని పద్యాలు ఎండకు వెలిసిపోయి, మూరకో ముడితో వేలాడుతున్నాయి. ఇంక చూడండి, తొమ్మిదిమంది రసికులూ గెడగెడకూ పరుగులు. ఎవరి ప్రాణం ఏ గెడ మీదుందో వెతుక్కోవడమే పని.

బేబీరాణి ఇంక దాచలేకపోయింది. "నేనేనండీ అడిగింది" అంది చేతులు నలుపుకుంటూ. "కార్తీకంలో మనందరం వనభోజనాలకి వెళ్లాం కదా, అప్పుడు ఇళ్లలోవాళ్లం పెట్టుకున్న వాట్సప్ గ్రూపులో అడిగాను. ఇళ్లలో వాడనివి ఉంటే ఇవ్వండి, పెట్టెలొద్దు అని. అందరూ ఇచ్చారండి. పద్మప్రియగారి ఇంట్లో వాళ్లాయనే ఇచ్చారు. మెర్సీగారైతే సంచీడు ఇచ్చారు. మీరెవరూ వాడట్లేదనే అన్నారండి!"

మెర్సీ అంటే మేస్టారి భార్య. మేస్టారు వెంటనే ఆవిడకు ఫోన్ కలిపారు. ఆవేశంలో స్పీకరు నొక్కారు.

"మెర్సీ, నా పియానో క్యాసెట్టు ఎవరికిచ్చావు?"

"ఇచ్చి రెండు నెలలైందండీ" అంది ఆవిడ తాపీగా. "మీరు వెతుక్కుంటే చెబుదామనుకున్నాను."

 లెక్క అందరికీ తెలుస్తూనే ఉంది. మేస్టారు పెట్టెను గుండెకు హత్తుకుని ఏడ్చింది కిందటి నెల. మిగతా ఎనిమిదిమంది కూడా ఈ రెండు నెలల్లో సభలోనో వ్యానులోనో తమ ప్రాణసమానాల గురించి గంటలు గంటలు మాట్లాడినవారే. ఒక్కరూ పెట్టె మూత తీసి చూడలేదు.

సూర్రావుకు నవ్వు రావలసింది. రాలేదు.  "నాది ఎక్కడుందయ్యా?" అన్నాడు.

"తీద్దామనే అనుకున్నానండి బావగారూ, ఈ కంగారులో..." అంటూ దుర్గారాజు దోనె లాగాడు. సూర్రావుకు ఈత రాదు. అయినా ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఎక్కాడు. బేబీరాణి గట్టు మీదినుంచి, "ఏవండీ, పట్టుకు కూర్చోండి! ఏవండీ, లేవకండి!" అని అరుస్తూనే ఉంది. నడిమధ్య గెడ దగ్గర ఆయన లేవనే లేచాడు. దోనె అటూ ఇటూ ఊగి, నీళ్లు లోపలికి వచ్చాయి. నడుం దాకా తడిసినా క్యాసెట్టున్న చెయ్యి మాత్రం పైకెత్తే ఉంచి ఒడ్డుకు చేరాడు. టేపు సగం ఎండకు మాడిపోయింది, సగం ఇంకా లోపలే చుట్టుకుని ఉంది.

"మాదీ తీసివ్వవయ్యా" అన్నారు మేస్టారు.

వచ్చినవాళ్లు ఆఫీసర్లు కారని అప్పటికి దుర్గారాజుకు అర్థమైంది. నడుం నిటారైంది. "కుదరదండి. పిల్ల ఎదగాలండి. ఇంకో రెండు నెలలు ఒక్క టేపు తియ్యడానికి లేదండి."

"మరి ఆయనకిచ్చావుగా?"

"ఆయన మా ఇంటల్లుడండి. తమరు మాకు అల్లుళ్లు కారు కదండీ."

మాడిన టేపు కత్తిరించి, మిగిలిన కొస అతికించి, మోటారు షెడ్డులో మేస్టారి డెక్కులో పెట్టారు. సూర్రావు తడి ప్యాంటుతోనే నిలబడ్డాడు. పది నిమిషాల ప్రసంగం నెల రోజులు బట్టీ పట్టాడు. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"నేను ముప్ఫై నాలుగేళ్లు బస్సులో నిలబడ్డానండి" అన్నాడు. "ఇంటికొచ్చి ఇది పెట్టుకుంటే కాళ్ల నొప్పులు పోయేవండి. ఈయన ఎవరికీ తెలీదు. పెళ్లిలో జనం భోజనాల హడావుడిలో ఉంటే, అక్కడ నిలబడి ప్రాణం పెట్టి వాయించేవాడండి. ఈయన గురించి నలుగురికీ చెప్పాలని ఎప్పణ్నుంచో ఉంది. కానీ మా టేప్ రికార్డరు పాడై నాలుగేళ్లయింది. బాగుచేయించలేదు. రెండు నెలలు పెట్టె తీసి చూడలేదు. ఇవాళ కూడా మీ అందరికీ చూపించుకోవాలని తీశాను గానీ, ఈయన కోసం కాదండి. నాకు సిగ్గుగా ఉంది. సభ్యత్వం అడగను. ఒక్కసారి వినండి చాలు."

మీట నొక్కాడు. కాసేపు బరబరమంది. తర్వాత క్లారినెట్ లేచింది. లోపలి సగంలోనూ పాడవకుండా మిగిలింది నాలుగు నిమిషాలే. మొదట సన్నగా, ఎవరినో బతిమాలుతున్నట్టు మొదలై, తర్వాత ఊరేగింపులో నడిచినట్టు సాగి, ఉన్నట్టుండి తెగిపోయింది. పద్మప్రియ పైటచెంగుతో కళ్లొత్తుకుంది. పులుసు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బేబీరాణి, వెనక పొయ్యి మీద అడుగంటుతోందని తెలిసీ కదల్లేదు. మొగుడి వైపు చూసి, "వంటింట్లోంచి వినీ విననట్టు ఉండిపోయాను, ఇంత బాగుంటుందని ఎప్పుడూ చెప్పలేదేమండీ" అంది.

మేస్టారు లేచి సూర్రావు చేతులు రెండూ పట్టుకున్నారు. "అయ్యా, ఈ క్షణం నుంచి మీరు మాలో ఒకరు. సభ్యుల తరఫున అంటున్నాను..."

"ఒక్క మాటండీ మేస్టారూ" అంది బేబీరాణి. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. "ఆల్బమ్ లేనివాళ్లు సభ్యులు కారని రాశారటగా? ఈయన దగ్గర సగమైనా ఉంది. మరి మీరంతా ఇప్పుడు ఏమవుతారండీ?"

 వెంకట్రాజు చెరువు వైపు చూశాడు. మేస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. ఎంతైనా నియమం కోసం ప్రాణమిచ్చే మనిషి, దాటవెయ్యలేదు. "శ్రోతలం అవుతామమ్మా" అన్నారు నీరసంగా. "సభ్యుడు ఆయనొక్కడే. అధ్యక్షుడు కూడా."

దుర్గారాజు పరిగెత్తుకెళ్లి, ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బావగారికి వేశాడు. తొమ్మిదిమందీ కింద చాపల మీద కూర్చుని, చేపల మేత కంపెనీ వాళ్లు పంచిన ప్యాడ్ల మీద సభ్యత్వ దరఖాస్తులు రాశారు. సూర్రావు ఎవరినీ కాదనలేదు గానీ, కండక్టరు చూపుతో ఒక్కొక్క కాగితమూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎడ్విన్ మేస్టారి దరఖాస్తు అన్నిటికన్నా పద్ధతిగా ఉంది. పేరు, వయసు, అభిరుచి అన్నీ ఇంగ్లీషులో వరసగా రాసి, కింద "ప్రాణసమానమైన ఆల్బమ్ ప్రస్తుతం ఉన్న చోటు" అన్నదానికి ఎదురుగా మాత్రం తెలుగులో రాశారు: తూర్పు గట్టు, ఏడో గెడ.